గాలిలోని లేశమాత్ర వాయువులను కొలవడానికి చల్లదనం ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట డిగ్రీ కాలేజీల పిల్లలు, సైన్స్ టీచర్లు, ఒకరిద్దరు రైతులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. అడిగిన వరుసలో కాకుండా, ఒక జవాబులోంచి ఇంకో ప్రశ్న పుట్టే వరుసలో పెట్టాను. లెక్క ఉన్నచోట లెక్క చూపించాను, మీరూ కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

లేశమాత్ర వాయువులు అంటే ఏవి? ఎంత ఉంటాయి?

పొడి గాలిలో నైట్రోజన్ 78.08 శాతం, ఆక్సిజన్ 20.95, ఆర్గాన్ 0.93. ఈ మూడింటితోనే 99.96 శాతం అయిపోయింది. మిగిలిన ఆ కాస్తలో ఉండేవన్నీ లేశమాత్ర వాయువులే. కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం దాటింది, అంటే గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో 420. మీథేన్ సుమారు 1.9 పీపీఎం. నైట్రస్ ఆక్సైడ్ అందులో ఆరో వంతుకు కాస్త ఎక్కువ, సరిగ్గా చెప్పాలంటే 0.33 పీపీఎం పైచిలుకు.

అక్కడి నుంచి ఇంకా కిందికి దిగితే పీపీటీ లెక్క మొదలవుతుంది, అంటే లక్ష కోట్ల అణువుల్లో ఎన్ని అని. పాత ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ-12 ఇప్పటికీ 500 పీపీటీకి అటూఇటూగా ఉంది. సబ్‌స్టేషన్ల బ్రేకర్లలో నింపే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ 11 పీపీటీ దాటింది. ఇంత కొంచెం ఉన్నదాన్ని కొలవడం ఒక కష్టం. దాని చుట్టూ ఉన్న మిగతా గాలి అడ్డు రాకుండా చూడటం అంతకంటే పెద్ద కష్టం.

దానికి చల్లదనంతో ఏం పని?

నాలుగు పనులు ఉన్నాయి, నాలుగూ వేర్వేరు. గాలిలోని నీటిని తీసేయడం ఒకటి. కావలసిన వాయువును ఒకచోట పట్టి నిలిపి పోగుచేయడం రెండోది. కాంతిని పసిగట్టే డిటెక్టర్ తన వేడితో తానే గోల చేయకుండా చూడటం మూడోది. లేజర్ రంగు కదలకుండా పట్టి ఉంచడం నాలుగోది.

అందరూ మొదట అడిగేది "ఎంత చల్లగా చేయాలి సార్?" అని. దేన్ని చల్లబరుస్తున్నామో ముందు తేల్చుకుంటే ఆ జవాబు దానంతటదే వస్తుంది. నీటికి మైనస్ 50 చాలు. సీఎఫ్‌సీల లాంటివన్నీ పట్టాలంటే మైనస్ 165 దాకా పోవాలి. లేజర్‌కు 25 డిగ్రీలైనా పర్వాలేదు, కాకపోతే అది 25 దగ్గరే కదలకుండా ఉండాలి.

వానకాలం తేమ కొలతను నిజంగా అంత పాడుచేస్తుందా?

చేస్తుంది. 30 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తడితో నిండితే అందులో నీటి ఆవిరి వాటా 4.2 శాతం దాకా ఉంటుంది. ఆ మేరకు మిగతా వాయువులన్నీ పలచబడతాయి. పొడి గాలిలో 420 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఈ తడి గాలిలో 402గా కనిపిస్తుంది. అది ఎక్కడికీ పోలేదు, మధ్యలో నీరు వచ్చి చేరిందంతే. ప్రపంచ వాతావరణ సంస్థ కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఉత్తరార్ధగోళ కేంద్రాలకు పెట్టిన లక్ష్యం, కొలతల్లో తేడా 0.1 పీపీఎం దాటకూడదని. జూలైలో ఒక వారం ముసురు పట్టిన వరంగల్ గాలి దానికి నూట డెబ్బై రెట్ల తేడా తెచ్చిపెడుతుంది.

అందుకే గాలి యంత్రంలోకి పోయేముందు దాన్ని కోల్డ్ ట్రాప్ గుండా పంపుతారు. అది చల్లగా ఉంచిన గాజు గొట్టమో, స్టీలు గొట్టమో. గాలి లోపల తిరుగుతుంటే నీరు గోడలకు మంచులా అంటుకుంటుంది. ఎంత చల్లగా ఉంచితే అంత పొడి గాలి బయటికొస్తుంది. మామూలు ఫ్రిజ్‌లాగా 4 డిగ్రీల దగ్గర ఆపితే 0.8 శాతం నీరు ఇంకా మిగిలే ఉంటుంది, అంటే కార్బన్ డయాక్సైడ్ కొలతలో 3 పీపీఎంకు పైగా తేడా. మైనస్ 50 దగ్గర మిగిలే నీరు 40 పీపీఎం. మైనస్ 70 దగ్గర 3 పీపీఎం కంటే తక్కువ. అక్కడితో నీటి గొడవ తీరినట్టే. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు కూడా గాలిని ఇలా గడ్డకట్టించే ట్రాప్ గుండా పంపాకే యంత్రానికి ఇచ్చారు. ప్రపంచమంతా చూసిన ఆ ఎగబాకే గీత వెనుక ఈ ఐసు ముక్క పని ఉంది, దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఒక చిక్కుంది. మంచు పేరుకుపోతే గొట్టం మూసుకుపోతుంది. అందుకే రెండు ట్రాప్‌లు పెడతారు. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి వేడెక్కి కరిగి ఖాళీ అవుతుంది. మౌనా లోవా చుట్టూ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ట్రాప్ చాలాసేపు నిలుస్తుంది. మన దగ్గర ఆగస్టులో అంతసేపు నిలవదు. కాబట్టి ముందు 4 డిగ్రీల దగ్గర ఎక్కువ నీటిని దించేసి, మిగిలిన దాన్ని మాత్రమే లోతైన చలికి అప్పగించడం మంచిది. కొందరు నీటిని తీయకుండా, దాన్నీ లేజర్‌తోనే కొలిచి లెక్కలో సరిచేస్తారు. అది చెల్లుతుంది కూడా. కానీ 4 శాతం తేమ ఉన్న గాలికి లెక్కతో సరిచేయడం కంటే ముందే ఎండబెట్టడమే నాకు నమ్మకం.

అయితే ఇంకా చల్లగా, నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచేస్తే పోదా?

పోదు. రెండు కారణాలు.

మొదటిది, మైనస్ 196 డిగ్రీల దగ్గర నీటితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా గడ్డకడుతుంది. గాలిలో అది ఉన్న పలచదనానికి మైనస్ 140 చుట్టుపక్కలే మంచుగా మారిపోతుంది. మనం కొలవాల్సిందే ట్రాప్‌లో ఉండిపోతే యంత్రానికి అందేదేముంటుంది? కార్బన్‌లోని ఐసోటోపులు చూసేవాళ్లు ఈ గుణాన్నే వాడుకుంటారు. ముందు మైనస్ 70 దగ్గర నీటిని ఆపేసి, తరవాతి గొట్టాన్ని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటారు.

రెండోది ప్రమాదానికి సంబంధించింది. ఆక్సిజన్ మైనస్ 183 దగ్గరే ద్రవమవుతుంది. మామూలు పీడనం ఉన్న గాలిని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచిన గొట్టంలోకి వదిలితే గాలే ద్రవమై అడుగున చేరుతుంది. అందులో లేత నీలం రంగు కనిపిస్తే అది ఆక్సిజన్. నూనె, గ్రీజు, దూది ఏది తగిలినా భగ్గుమంటుంది. గొట్టం మూసి ఉండి వేడెక్కితే పేలుతుంది. అందుకే ఇలాంటి పని తక్కువ పీడనంలో, పంపు పెట్టి చేస్తారు. గురువు పక్కన లేకుండా విద్యార్థులు చేయాల్సిన పని కాదిది.

ఏసీ గదిలో యంత్రం బాగానే ఉంది, కానీ పైపులో నీళ్లు చేరుతున్నాయి. ఎందుకు?

గది చల్లగా ఉండబట్టే. జూలైలో బయటి గాలి 24, 25 డిగ్రీలకు దిగితే చాలు మంచు బిందువులు కడుతుంది. మీ గదేమో 20 దగ్గర పెట్టారు. బయటి నుంచి వచ్చే సన్న పైపు గోడ దాటగానే చల్లబడి, ఎక్కడైతే నీరు దిగకూడదో అక్కడే దిగుతుంది. ఆ నీటిలో కొన్ని వాయువులు కరిగిపోతాయి కూడా. గదిని 27, 28 డిగ్రీల దగ్గర ఉంచండి, లేదా గోడ నుంచి ట్రాప్ దాకా పైపుకు వేడిచేసే టేపు చుట్టండి. ఏసీ ఎక్కువ పెడితే యంత్రానికి మేలు అనుకోవడం మన దగ్గర ఎక్కువగా కనిపించే అపోహ.

రామగుండం లాంటి చోట చిమ్నీ పొగను కొలిచేటప్పుడూ ఇదే పద్ధతా?

సూత్రం అదే, అవసరం వేరు. చిమ్నీ పొగలో వాయువులు గాలిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి చాలా యంత్రాల్లో 4, 5 డిగ్రీల చిన్న కూలర్‌తో నీటిని దించితే సరిపోతుంది. జాగ్రత్తంతా సల్ఫర్ డయాక్సైడ్ దగ్గరే. దిగిన నీటితో పొగ ఎక్కువసేపు కలిసి ఉంటే అది నీటిలో కరిగి, కొలత తక్కువ చూపిస్తుంది. అందుకే పొగ కూలర్ దాకా వేడి పైపులో వస్తుంది, కూలర్‌లో నీరు దిగీదిగగానే పక్కకు తీసేస్తారు.

సీఎఫ్‌సీల లాంటివి పీపీటీల్లో ఉంటే ఏ యంత్రమైనా ఎలా చూస్తుంది?

నేరుగా చూడలేదు. ముందు పోగుచేయాలి. ప్రపంచంలో దీనికి పేరున్న ఏర్పాటు అగేజ్ అనే కేంద్రాల వలయంలో ఉంది. 1978లో వేరే పేరుతో మొదలైన కొలతల పరంపర అది. వాళ్లు వాడే యంత్రం పేరు మెడూసా. రెండు లీటర్ల గాలిని తీసుకుని, సన్నని గొట్టంలో పీల్చుకునే గుణమున్న పొడి నింపి, దాన్ని మైనస్ 165 డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబరిచి, దాని గుండా గాలిని పంపుతారు. నైట్రోజన్, ఆక్సిజన్ దాటిపోతాయి. సీఎఫ్‌సీలు, వాటి బదులు వచ్చిన హెచ్ఎఫ్‌సీలు అందులో చిక్కుకుంటాయి. తరవాత గొట్టాన్ని చప్పున వేడిచేస్తే రెండు లీటర్లలో చెదిరి ఉన్నదంతా ఒక్క గుక్కలో బయటికొస్తుంది. దాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ విడదీస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ లెక్కపెడుతుంది.

మైనస్ 165 ఎందుకు, మైనస్ 100 చాలదా? చాలా వాయువులకు చాలు. కానీ అల్యూమినియం కరిగించే ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్బన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువు ఉంది. ఒకసారి గాలిలోకి వెళితే వేల ఏళ్లు పోదు. అది మరిగేదే మైనస్ 128 దగ్గర కాబట్టి పొడిలో నిలవాలంటే అంత చలి కావాలి. మరి పూర్తిగా మైనస్ 196కు ఎందుకు పోలేదంటే, అక్కడ గాలే ద్రవమవుతుందని పైన చూశాం. ఈ రెండింటి మధ్య సన్నని దారిలో నడవాలి.

ఇంకో విశేషం, మెడూసాకు లిక్విడ్ నైట్రోజన్ అక్కర్లేదు. కరెంటుతో నడిచే కంప్రెసర్ కూలర్‌తో ఆ చలి వస్తుంది. సముద్రం మధ్య దీవిలో, కొండ కొసన ఉన్న కేంద్రానికి వారం వారం నైట్రోజన్ ట్యాంకరు ఎవరు పంపుతారు?

డిటెక్టర్‌ను ఎందుకు చల్లబరచాలి? అది కాంతిని చూసేదే కదా?

వేడి వస్తువు ప్రతిదీ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెదజల్లుతూనే ఉంటుంది. 300 కెల్విన్, అంటే మన గది వేడి దగ్గర ఆ కాంతి ఎక్కువగా 10 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. ఒక్కో వాయువు తనకంటూ కొన్ని చోట్ల ఈ కాంతిని మింగుతుంది, అదే దాని గుర్తు. ఓజోన్ గుర్తు 9.6 మైక్రాన్ల దగ్గర, మీథేన్‌ది 7.7 దగ్గర, నైట్రస్ ఆక్సైడ్‌ది 7.8 దగ్గర. అంటే మనం చూడాల్సిన చోటే గోడలు, లెన్సు, పెట్టె, చివరికి డిటెక్టర్ తానూ వెలుగుతున్నాయి. మేడారం జాతరలో అన్ని మైకులూ మోగుతుంటే తప్పిపోయిన పిల్లాడి ఏడుపు వినాలనుకోవడం లాంటిదిది. ముందు మైకులు ఆపాలి.

పాదరసం, కాడ్మియం, టెలూరియం కలిపి చేసే డిటెక్టర్‌లో ఎలక్ట్రాన్లు కొద్దిపాటి శక్తికే ఎగురుతాయి. అందుకే అది 10 మైక్రాన్ల బలహీనమైన కాంతిని చూడగలుగుతుంది. అదే కారణంగా గది వేడికి కూడా ఎగురుతాయి. లిక్విడ్ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు, అంటే మైనస్ 196 డిగ్రీలకు దించితే ఆ ఉత్త ఎగురుళ్లు అణగిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ కాంతితో వాయువులను గుర్తుపట్టే ఎఫ్‌టీఐఆర్ యంత్రం ఉన్న ల్యాబ్‌లో పొద్దున్నే గరాటు పెట్టి నైట్రోజన్ పోయడం చూసే ఉంటారు. ఒకసారి నింపితే చాలా డిటెక్టర్లకు ఒక పనిరోజు గడుస్తుంది.

నగరాల్లో గాలి నాణ్యత చూపించే కేంద్రాల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే యంత్రం ఇంకో రకం. నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే సన్నని వెలుగును ఫోటోమల్టిప్లయర్ గొట్టం లెక్కపెడుతుంది. ఆ గొట్టానికి ఇంత లోతైన చలి అవసరం లేదు, సున్నాకు కొంచెం పైనో కిందో ఉంచితే చీకట్లో కూడా ఉత్తుత్తినే వచ్చే లెక్క తగ్గిపోతుంది.

మా ఊరి పశువుల ఆసుపత్రి జాడీలో ఉండేది ఇదే లిక్విడ్ నైట్రోజనా?

అదే. గోపాలమిత్రలు భుజాన వేసుకుని తిరిగే చిన్న జాడీలో, కరీంనగర్ వీర్య కేంద్రంలోని పెద్ద జాడీల్లో ఉన్నదీ, ఎఫ్‌టీఐఆర్ డిటెక్టర్‌లో పోసేదీ ఒకటే సరుకు, మైనస్ 196 డిగ్రీలు. రెండు గోడలు, మధ్య శూన్యం ఉన్న ఆ జాడీని 1892లో జేమ్స్ డ్యూవార్ తయారుచేశాడు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో లిక్విడ్ నైట్రోజన్‌ను చేత్తో వాడటం తెలిసిన మనుషులు ఇంతమంది ఉన్నారన్న సంగతి మన కాలేజీలకు తట్టదు. జాడీ ఎలా వంచాలో, కొలబద్ద ముంచి మట్టం ఎలా చూడాలో వాళ్లను అడిగి నేర్చుకోవచ్చు.

ప్రమాదం ఎంత?

చర్మం కాలడం గురించి అందరికీ తెలుసు. తెలియని ప్రమాదం ఊపిరాడకపోవడం. ఒక లీటరు ద్రవం దాదాపు 690 లీటర్ల వాయువుగా మారుతుంది. కిటికీలు మూసిన చిన్న ఏసీ గదిలో జాడీ ఒలికితే ఆక్సిజన్ శాతం పడిపోతుంది. వాసన ఉండదు, ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించదు, మనిషి నేరుగా స్పృహ తప్పుతాడు. లిఫ్టులో జాడీతోపాటు మనిషి ఎక్కకూడదు. కారు అద్దాలు ఎత్తి తీసుకెళ్లకూడదు. మూత బిగించకూడదు, ఎందుకంటే ఆవిరి పోయే దారి లేకపోతే జాడీ పగులుతుంది.

పెల్టియర్ చిప్ మన ఎండకు తట్టుకుంటుందా?

ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1834లో జీన్ పెల్టియర్ గమనించిన సంగతి ఇది. రెండు వేర్వేరు లోహాల కలయిక గుండా కరెంటు పంపితే ఒకవైపు చల్లబడుతుంది, రెండోవైపు వేడెక్కుతుంది. ఇప్పుడు లోహాల బదులు బిస్మత్ టెల్యూరైడ్ ముక్కలు వాడుతున్నారు. కదిలే భాగం లేదు, చప్పుడు లేదు, అగ్గిపెట్టెంత ఉంటుంది. చూడగానే ఎవరికైనా నచ్చుతుంది.

కానీ పెల్టియర్ ఇచ్చేది ఇంత అని ఒక ఉష్ణోగ్రత కాదు, వేడి వైపుకూ చల్లని వైపుకూ మధ్య తేడా. ఒక్క అంతస్తు చిప్‌లో ఆ తేడా మహా అయితే 65, 70 డిగ్రీలు, అదీ చల్లని వైపు లాగాల్సిన వేడి ఏమీ లేనప్పుడు. అట్ట మీద మైనస్ 40 అని రాసి ఉంటే వేడి వైపు 25 దగ్గర ఉంచి కొలిచారని అర్థం. మే నెలలో మంచిర్యాలలోనో రామగుండంలోనో నీడలోనే 45 ఉంటుంది. రేకుల షెడ్డులో ఫ్యాన్‌తో చల్లార్చే వేడి వైపు 55 దాటుతుంది. అప్పుడు చల్లని వైపు మైనస్ 10 దగ్గరే ఆగిపోతుంది. చిప్ చెడిపోయిందని కొత్తది తెప్పిస్తారు. అదీ అక్కడే ఆగుతుంది.

ఇంకో లెక్క కూడా మరచిపోతారు. వేడి వైపు బయటికి పంపాల్సింది లోపలి నుంచి లాగిన వేడి ఒక్కటే కాదు, చిప్ తిన్న కరెంటు మొత్తం కూడా. తేడా పెరిగేకొద్దీ ఈ రెండోదే ఎక్కువవుతుంది. 2 వాట్ల వేడి లాగడానికి 40 వాట్లు తినే చిప్ ఉంటే 42 వాట్లు బయటికి పోవాలి. కరెంటు పెంచితే ఇంకా చల్లబడుతుందనుకుని పెంచుతూ పోతే ఒక హద్దు తరవాత చల్లని వైపు కూడా వేడెక్కడం మొదలవుతుంది.

మన దగ్గర ఖర్చు పెట్టాల్సింది చిప్ మీద కాదు, వేడి వైపు మీద. పెద్ద రాగి హీట్‌సింక్, కుదిరితే నీటి ప్రవాహం, దుమ్ము తుడవడానికి వీలైన ఫ్యాన్ ఉండాలి. మిర్చి, పత్తి సీజన్లో ఫ్యాన్ రెక్కల మీద పేరుకునే దుమ్మే సగం చల్లదనాన్ని మింగేస్తుంది. నాలుగు అంతస్తులుగా పేర్చిన చిప్‌లతో మైనస్ 75 దాకా దించే డిటెక్టర్లు దొరుకుతాయి. లిక్విడ్ నైట్రోజన్ బాధ లేకుండా చాలా పనులు వాటితో అవుతాయి, మైనస్ 196 ఇచ్చినంత నిశ్శబ్దం మాత్రం రాదు.

కొత్త లేజర్ యంత్రాలకు చల్లదనమే అక్కర్లేదట కదా?

లోతైన చలి అక్కర్లేదు. ఉష్ణోగ్రత కదలకుండా ఉండటం మాత్రం ఇదివరకటి కంటే ఎక్కువే కావాలి.

ఒకప్పుడు ఈ పనికి వాడిన లెడ్ సాల్ట్ లేజర్లను లిక్విడ్ నైట్రోజన్ దగ్గరి చలిలో ఉంచితే తప్ప వెలిగేవి కావు. 1994లో బెల్ ల్యాబ్స్‌లో క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్ వచ్చింది. మొదట్లో దానికీ లోతైన చలే కావాల్సి వచ్చింది. తరవాత మెరుగుపడి ఇప్పుడు పెల్టియర్ మీదే నడుస్తోంది. ఇంకో వైపు, అద్దాల మధ్య కాంతిని కిలోమీటర్ల దూరం తిప్పే పద్ధతి వచ్చాక బలహీనమైన దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ గుర్తులు కూడా చాలుతున్నాయి. అక్కడ డిటెక్టర్‌కు గది వేడి అడ్డు రాదు. షాద్‌నగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ప్రాంగణంలో 2014లో కార్బన్ డయాక్సైడ్‌ను, మీథేన్‌ను ఇలాంటి లేజర్ యంత్రంతోనే కొలిచారు.

అయితే ఆ లేజర్ రంగు ఒక్క డిగ్రీకి 0.1 నానోమీటరు జరుగుతుంది. 1.65 మైక్రాన్ల దగ్గర మీథేన్ గీత వెడల్పే సుమారు 0.03 నానోమీటర్లు. అంటే ఒక డిగ్రీ జారితే లేజర్ గీతను పూర్తిగా దాటిపోయి ఉత్త గాలిని చూస్తుంది. కాబట్టి లేజర్ కింద పెల్టియర్ ఉండి డిగ్రీలో వెయ్యో వంతు లెక్కన దాన్ని పట్టి ఉంచుతుంది. అద్దాలున్న గొట్టాన్ని కొన్ని యంత్రాల్లో 45 డిగ్రీల దగ్గర నిలుపుతారు. చల్లబరచడం కంటే వేడిచేసి నిలపడమే తేలిక, కాకపోతే గది అంతకంటే బాగా చల్లగా ఉండాలి. మన షెడ్డులో మేలో ఆ ఒక్కటే కుదరదు.

వరి పొలంలో మీథేన్ కొలవాలంటే కూడా ఇంత తతంగమా?

అక్కర్లేదు. యాసంగి వరిలో నీళ్లు నిలిచిన మడి మీద మూత పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకోసారి సిరంజితో గాలి తీసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు ఇస్తారు. మీథేన్‌కు మంట డిటెక్టర్ వాడతారు. యూరియా వేసిన నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్‌కు వాడే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌ను ఏకంగా 300 డిగ్రీలకు పైన ఉంచుతారు. చల్లదనం గురించి రాసిన చోట ఈ మాట చెప్పడం కాస్త నవ్వు తెప్పించేదే, కానీ నిజం. ఇక్కడ చూసుకోవాల్సింది పెట్టె లోపలి గాలి ఎండకు వేడెక్కకుండా ఉండటం, సీసా మూత కారకుండా ఉండటం.

ఉపగ్రహంలో లిక్విడ్ నైట్రోజన్ ఎవరు పోస్తారు?

ఎవరూ పోయరు. 1991లో వెళ్లిన యూఏఆర్ఎస్ ఉపగ్రహం మీది క్లేస్ అనే పరికరం గడ్డకట్టిన నియాన్‌ను, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను వెంట తీసుకెళ్లింది. 1993 మేలో సరుకు అయిపోయింది, పని ఆగింది. తరవాతి వాళ్లు కంప్రెసర్లు మోసుకెళ్లారు. 2002లో వెళ్లిన ఎయిర్స్ అనే పరికరం డిటెక్టర్లను 58 కెల్విన్, అంటే మైనస్ 215 డిగ్రీల దగ్గర ఉంచారు. మన ఇన్సాట్-3డీ ఉపగ్రహం మీది సౌండర్ అనే పరికరం లాంటివి రెక్కలాంటి పలకను చీకటి ఆకాశం వైపు తిప్పి ఉంచుతాయి. వేడి దానంతటదే వెళ్లిపోతుంది, కరెంటు ఖర్చు లేదు.

హైదరాబాద్ నుంచి బెలూన్లలో గాలి పట్టి తెచ్చారంటారు. ఎలా?

మన గడ్డ మీద జరిగిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇది. 1987, 1990, 1994లలో హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి క్రయోజెనిక్ సాంప్లర్‌ను పైకి పంపాయి.

30 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో సుమారు 80వ వంతు. ఖాళీ లీటరు సీసాను అక్కడ తెరిచి మూస్తే, కిందికి తెచ్చేసరికి అందులో ఉండేది నేల లెక్కన ఒక చెంచాడు గాలి. దాంతో ఏ పరీక్షా సరిగా జరగదు. పంపు పెట్టి నింపితే పంపు నూనె, రబ్బరు నుంచి వచ్చే వాసనలే కొలతలో కలుస్తాయి. వాళ్లు స్టీలు సీసాలను ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. నియాన్ మైనస్ 246 దగ్గర మరుగుతుంది. నైట్రోజన్ మైనస్ 210 దగ్గర, ఆక్సిజన్ మైనస్ 219 దగ్గర గడ్డకడతాయి కాబట్టి సీసా మూత తెరవగానే లోపలికి వచ్చిన గాలి వచ్చినట్టే గోడలకు ఘనమై అంటుకుంటుంది. లోపల మళ్లీ శూన్యం, మళ్లీ గాలి లోపలికి. సీసాయే పంపు అయింది. హీలియం, హైడ్రోజన్, నియాన్ తప్ప ఏదీ తప్పించుకోదు. ఒక్కో ఎత్తున ఒక్కో సీసా నింపి మూసేసి, పారాచూట్ మీద కిందికి దించి, సీఎఫ్‌సీలు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ ఎత్తుతోపాటు ఎలా తగ్గిపోతున్నాయో కొలిచారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఏటా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, పైగాలిలో అది ఎంతుందో చూసి ఆ గాలి నేల విడిచి ఎన్నేళ్లయిందో కూడా లెక్కగట్టారు.

అలాంటి పెట్టె మా పొలంలో పడితే?

ముట్టుకోకండి, విప్పకండి, తాళ్లు కోయకండి. పోలీస్ స్టేషన్‌కో తహసీల్దార్ ఆఫీసుకో చెప్పండి. బెలూన్ల కేంద్రం ఇచ్చే పత్రికా ప్రకటనల్లోనూ ఇదే ఉంటుంది, చెడగొట్టకుండా అప్పగించిన వాళ్లకు బహుమానం కూడా ఇస్తారు. లోపల చల్లని ద్రవం మిగిలి ఉండవచ్చు, లేదా పీడనంలో ఉన్న సీసాలు ఉండవచ్చు.

చల్లబరచడానికి వాడేదే గాలిని పాడుచేస్తే?

అలా జరుగుతోంది కూడా. బెలూన్ మీద పైగాలి తేమను కొలిచే ఫ్రాస్ట్ పాయింట్ పరికరాలు చాలా ఏళ్లు హెచ్ఎఫ్‌సీ-23 ద్రవంతో చల్లబడ్డాయి. అది మైనస్ 82 దగ్గర మరుగుతుంది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 12,000 రెట్లకు పైగా బలమైనది. మెడూసా వెతికి పట్టుకునే వాయువుల జాబితాలో అదీ ఉంది. ఇప్పుడు లిక్విడ్ నైట్రోజన్‌కో, ఆల్కహాల్‌లో వేసిన డ్రై ఐస్‌కో మారుతున్నారు. ఒక్కో బెలూన్‌కు అయ్యేది కొంచెమే, అయినా మారడమే న్యాయం.

కరెంటు పోతే?

నైట్రోజన్ జాడీకి కరెంటుతో పనిలేదు, అది దాని గొప్ప. పెల్టియర్ డిటెక్టర్ కరెంటు రాగానే చల్లబడుతుంది, కానీ నిలకడ రావడానికి సమయం పడుతుంది. ఆ మధ్యలో వచ్చిన అంకెలను తీసేయండి, సరిచేయాలని చూడకండి. ఎక్కువ నష్టం కోల్డ్ ట్రాప్‌కు. కరిగిన నీరు యంత్రంలోకి పోకుండా, కరెంటు పోగానే దానంతటదే మూసుకునే వాల్వు పెట్టుకోవాలి. ఇన్వర్టర్ కొనేముందు కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు ఎంతో చూసుకోండి, నడిచేటప్పటి కంటే అది ఎన్నో రెట్లు ఉంటుంది.

మా బడిలో చిన్న సెన్సర్‌తో కార్బన్ డయాక్సైడ్ కొలవచ్చా? దానికీ చల్లదనం కావాలా?

కొలవచ్చు, చల్లదనం అక్కర్లేదు. ఇన్‌ఫ్రారెడ్ రకం చిన్న సెన్సర్‌లో తేడా 50 పీపీఎం అటూఇటూ ఉంటుంది. ఊరి గాలి ఏడాదికి ఎంత పెరిగిందో చూడటానికి అది పనికిరాదు. కిటికీలు మూసిన తరగతిలో యాభై మంది పిల్లలు కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ 1,000 దాటిపోతుంది, దాన్ని చూపించడానికి బాగా పనికొస్తుంది. కొనేటప్పుడు అది ఇన్‌ఫ్రారెడ్ రకమేనా అని అడగండి. చవగ్గా దొరికే కొన్ని, వేరే ఆవిర్లను పసిగట్టి కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉంటుందని అంచనా వేసి చూపిస్తాయి. అగర్‌బత్తి వెలిగించినా, శానిటైజర్ రాసుకున్నా వాటి అంకె ఎగురుతుంది.